టాప్ సర్జరీకి వెళ్ళేముందు పై అరలు ఖాళీ చేస్కోండి

టాప్ సర్జరీ (ట్రాన్స్ అబ్బాయిలు రొమ్ములు తీయించుకుని ఛాతీ చదును చేయించుకునే ఆపరేషన్) డేట్ ఫిక్సయిన తమ్ముళ్ళూ, ఆపరేషన్‌కి రెండ్రోజుల ముందే పై అరల్లో రోజూ వాడేవన్నీ నడుం ఎత్తుకి దింపేస్కోండి, ఎందుకంటే తర్వాత కొన్ని వారాలు చేతులు భుజాలపైకి లేపొద్దంటారు, లేపితే కుట్లు లాగి మచ్చ వెడల్పవుద్ది. మూడో రోజు నేను టీ పొడి డబ్బాకి చెయ్యెత్తబోతే మా అమ్మ "ఒరేయ్ నాన్నా, ఆగరా నేను తీస్తా" అంది, ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

చొక్కాలు ముందు గుండీలున్నవే. సిగరెట్ అలవాటుంటే కనీసం నాలుగు వారాల ముందే మానేయండి, లేకపోతే గాయం సరిగా మానదు. మన వైజాగ్ ఉక్కపోతలో కంప్రెషన్ వెస్ట్ (ఆపరేషన్ తర్వాత ఛాతీకి బిగుతుగా వేసే బనీను లాంటిది) కింద చెమట పట్టి దురదొస్తది, డాక్టర్ ఒప్పుకుంటే లోపల పల్చటి కాటన్ బనీను వేస్కోండి, రెండుంటే ఉతికి మార్చుకోవచ్చు. సిటీ బస్సులో పైన రాడ్ పట్టుకుని మద్దిలపాలెం దాకా నిలబడటాలు అస్సలొద్దు, ఆటోనే ఎక్కండి, అదీ గుంతలు చూస్కుని నెమ్మదిగా పోనిమ్మనండి.

ఒక పక్కే సడెన్‌గా ఉబ్బి గట్టిపడి నొప్పెక్కువైతే పొద్దున్న చూద్దాంలే అనుకోకండి, లోపల రక్తం చేరుతుండొచ్చు, అర్ధరాత్రైనా సర్జన్‌కి ఫోన్ కొట్టండి.