హెడ్‌ఫోన్ పెట్టే ముందు మల్టీమీటర్ పెట్టండి

ఇంట్లో హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కట్టుకునేవాళ్లకి ఒక మాట. టంకం ఆరీ ఆరకముందే పాట వినేయాలని చెయ్యి లాగుతుంది, తెలుసు. ఆగండి, ముందు మల్టీమీటర్‌తో (వోల్టులు కొలిచే పరికరం) రెండు చోట్ల కొలవండి.

9 వోల్టుల బ్యాటరీని రెండు సమాన రెసిస్టర్లతో సగం చేసి మధ్యలో గ్రౌండ్ (సున్నా వోల్టులుగా లెక్కించే బిందువు) తీసుకునే సర్క్యూట్ అయితే, ముందు ఆ మధ్య బిందువు నుంచి బ్యాటరీ రెండు కొసలకీ వోల్టేజ్ చూడండి. రెండు వైపులా దాదాపు 4.5 వోల్టులు రావాలి. నాకోసారి ఒకవైపు 7, రెండోవైపు 2 వచ్చాయి. భూతద్దం పెట్టి చూస్తే రెసిస్టర్ కాలు చుట్టూ వెంట్రుకంత గీత, టంకం అతుక్కోనేలేదు.

తర్వాత ఇన్‌పుట్‌లో ఏమీ పెట్టకుండా, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, హెడ్‌ఫోన్ బదులు 33 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి, దాని మీద డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) వోల్టేజ్ కొలవండి. ఎడమ, కుడి విడివిడిగా. 20 మిల్లీవోల్టుల లోపుంటే నిశ్చింత. 50 దాటితే నేనైతే హెడ్‌ఫోన్ తగిలించను. అదే డీసీ మిల్లీవోల్టులు దాటి వోల్టుల్లోకి వెళ్లిందంటే హెడ్‌ఫోన్ లోపలి కాయిల్ (తీగచుట్ట) మాడిపోతుంది, అదీ చప్పుడు లేకుండా.

మొదటిసారి వినడానికి మాత్రం పోయినా బాధపడని పాత ఇయర్‌ఫోన్ వాడండి. నా డ్రాయర్‌లో అందుకే ఒకటి పడుంటుంది.