వానకు తడవని, విప్పితే తెలిసిపోయే టపా సంచి మూతి ఎలా కుట్టాలి

టపా సంచికి మూతి దగ్గర రెండు గొడవలుంటాయి. ఒకటి వాన, రెండోది చెయ్యి. చాలామంది రెండింటికీ కలిపి ఒకే మందు వెయ్యాలని చూస్తారు. ఒక పెద్ద జిప్పు, దానికో చిన్న తాళం, పైన ఒక ఫ్లాపు పెట్టి పనైపోయిందంటారు. అలాంటి సంచి మొదటి ముసురుకే జిప్పు పళ్ళ సందుల్లోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. లోపల ఎవరిదో పాన్ కార్డు, ఎవరిదో కోర్టు నోటీసు, ఎవరికో వచ్చిన ఉద్యోగం కాల్ లెటర్ అన్నీ కలిసి ముద్దవుతాయి. తాళం మాత్రం చక్కగా వేసినట్టే ఉంటుంది.

బ్యాగులు కుట్టే పనిలో ఉన్న మనిషిగా నేను చెప్పేది ఒక్కటే. నీళ్ళను ఆపే పని ఒక పొరకు, అంటే లోపలి సంచికి ఇవ్వండి, చేతిని పట్టించే పని ఇంకో పొరకు, అంటే పైసంచికి ఇవ్వండి. నీళ్ళు ఆపే పొరకు ఒక్క చిల్లు కూడా ఉండకూడదు. చేతిని పట్టించే పొరకు చిల్లులు లేకపోతే తాడూ సీలూ వెయ్యడం కుదరదు. ఈ రెండింటినీ ఒకే గుడ్డలో ఇరికించాలని చూసినప్పుడే ఏదో ఒకటి చెడుతుంది.

ఒక మాట ముందే చెప్తాను. తపాలా శాఖలో పనిచేసే బీపీఎంలు (బ్రాంచి పోస్ట్‌మాస్టర్లు), మెయిల్ క్యారియర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, శాఖ ఇచ్చిన సంచికి, సీలుకి సొంతంగా మార్పులు చెయ్యకండి. మీరు చెయ్యాలనుకుంటే పైఅధికారికి చెప్పి, లోపలి సంచి ఒక్కటీ వాడుకోవచ్చేమో అడగండి. ఈ డిజైన్ ముఖ్యంగా సొంతంగా టపా పంపుకునే వాళ్ళ కోసం. ఊళ్ళకు పార్సిళ్ళు వేసే చిన్న కొరియర్లు, బ్రాంచీల మధ్య కాగితాలు తిప్పే సహకార బ్యాంకులు, జవాబు పత్రాలు పంపే కాలేజీలు, ఇలాంటి వాళ్ళకి.

పాత కాన్వాస్ సంచి తీరు చూడండి. మూతిని కుచ్చులుగా కూడగట్టి, పురికొసతో బిగించి, లేబుల్ కట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి ముద్ర వేసేవాళ్ళు. అందులో మంచి ఆలోచన ఉంది. కుచ్చుగా బిగించిన మూతికి సందు ఉండదు, ముద్ర పగిలితే మళ్ళీ అదే ముద్ర వెయ్యాలంటే ఆ ముద్ర అచ్చు కావాలి. లోపమేంటంటే లక్క పెళుసు, బస్సు మీదనుంచి సంచి కింద పడేస్తే దొంగ ముట్టకపోయినా పగులుతుంది, అప్పుడు ఏది దొంగతనమో ఏది దెబ్బో తేలదు. ఇక కుచ్చు మడతలు వానలో కాలువల్లా పనిచేసి నీటిని నేరుగా లోపలికి దింపుతాయి. మనం ఆ కుచ్చును ఉంచుకుందాం, లక్కను మార్చుదాం, నీటి సంగతి వేరేగా చూసుకుందాం.

జిప్పు ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. మామూలు నైలాన్ జిప్పు పళ్ళ మధ్య బాల్ పెన్ను గుచ్చి నొక్కితే చీలిపోతుంది. కావలసింది తీసుకుని, రన్నర్‌ని ఆ చివరికీ ఈ చివరికీ ఒకసారి లాగితే మళ్ళీ మూసుకుంటుంది. తాళం వేసిన రెండు రన్నర్లు కలిసి జరుగుతాయి కాబట్టి తాళం ముట్టుకోవాల్సిన అవసరమే రాదు. విప్పినట్టు ఆనవాలు మిగలదు. బలంగా కోసి తీసుకెళ్ళేవాణ్ణి ఏ గుడ్డ సంచీ ఆపలేదు, అది వేరే సంగతి. మనకు కావలసింది, ఎవరైనా చెయ్యి పెడితే అవతల అందుకున్న మనిషికి చూడగానే తెలిసిపోవడం.

ఇక కొలతలు. సైకిల్ మీదో బండి మీదో పెట్టుకునే సంచి అనుకుందాం. పైసంచి పరిచినప్పుడు వెడల్పు 40 సెంటీమీటర్లు, ఎత్తు 65. అంటే చుట్టుకొలత 80. అడుగు నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర లోపలి సంచికి లోపలివైపు ఒక రంగు గీత గీయండి, టపా అంతకు మించి నింపకూడదు. పైనున్న 25 సెంటీమీటర్లు మూతి పనికే. ఇది వృథా గుడ్డ అనిపించి చాలామంది తగ్గించేస్తారు, తగ్గించకండి. 40 వెడల్పు మూతిని నడిమికి కుచ్చుగా లాగాలంటే ఒక్కో పక్క నుంచి 20 సెంటీమీటర్ల గుడ్డ కావాలి, అది లేకపోతే మధ్యలో బొక్క మిగులుతుంది.

ముందు లోపలి సంచి. దీనికి కోటింగ్ ఉన్న పల్చటి గుడ్డ కావాలి. టీపీయూ (వేడికి అతుక్కునే ఒక రకం ప్లాస్టిక్) కోటింగ్ నైలాన్ దొరికితే అన్నిటికన్నా మేలు, కోటింగ్ వైపులు రెండూ కలిపి వేడి చేస్తే అతుక్కుంటుంది, కుట్టే పనే ఉండదు. దొరక్కపోతే పల్చటి పీవీసీ టార్పాలిన్ తెచ్చి, హీట్ గన్‌తో అంచులు అతికే షాపులో అతికించుకోండి. ఫ్లెక్సీ బ్యానర్ గుడ్డ మాత్రం వద్దు, చవగ్గా దొరుకుతుంది నిజమే, పదేపదే మడిచే చోట పగిలిపోతుంది. మనకు మడతే ప్రాణం. అతుకు కనీసం రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ కుట్టు మిషన్ సూది దీని లోపలి భాగం మీద పడకూడదు. సూది చేసిన ప్రతి చిల్లూ నీటికి దారే.

లోపలి సంచి వెడల్పు 42 పెట్టండి, పైసంచి కన్నా కొంచెం ఎక్కువ. బరువంతా పైసంచి మొయ్యాలి, లోపలిది వదులుగా పడుండాలి, లేకపోతే అతుకుల మీద ఒత్తిడి పడి విడిపోతాయి. ఎత్తు 65. మూతి అంచున రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు ప్లాస్టిక్ పట్టీ ఒకటి మడిచి అతికించండి, దాన్ని పట్టుకుని చుట్టడానికి సులువుగా ఉంటుంది, మడత వంకర్లు పోదు. అడుగు మూలల్లో అతుకుకి బయటవైపు కొంచెం గుడ్డ వదిలి, ఆ వదిలిన గుడ్డకే చిన్న నవారు ముక్కలు కుట్టి పైసంచి మూలలకు కట్టండి. అప్పుడు టపా కుమ్మరించినప్పుడు లోపలి సంచి ఊడి రాదు, ఆరబెట్టాలంటే విప్పి తియ్యొచ్చు.

పైసంచికి మందపు కాన్వాస్ వాడండి. ఒకే ముక్కను మడిచి కుడితే పక్కన ఒక్క కుట్టు, అడుగున ఒక్క కుట్టు మాత్రమే వస్తాయి. అందరి కళ్ళూ మూతి మీదే ఉంటాయి కాబట్టి తెలివైనవాడు అడుగు కుట్టు విప్పి, పని కానిచ్చి, మళ్ళీ కుట్టేస్తాడు. అందుకని అంచులు లోపలికి మడిచి రెండు వరసలు కుట్టండి, దారం పాలిస్టర్‌ది, గుడ్డ రంగుకి పూర్తిగా వేరే రంగు. కాన్వాస్‌కి ఒకసారి పడిన సూది చిల్లులు కనిపిస్తూనే ఉంటాయి, వేరే దారంతో వేరే చోట కుడితే పట్టుబడుతుంది. నూలు దారం తడిస్తే కుళ్ళుతుంది, వద్దు. అడుగు మూలల్లో రెండు చిన్న ఐలెట్లు (గుడ్డ చిల్లుకి బిగించే లోహపు రింగులు) కొట్టించండి, పైసంచిలోకి దిగిన నీళ్ళు అక్కణ్ణుంచి బయటికి పోవాలి. నీళ్ళు ఆపే సంచికి అడుగున చిల్లులేంటి అని అడుగుతారు. ఆ నీళ్ళు రెండు పొరల మధ్యే నిలిచిపోతే లోపలి సంచి గంటల తరబడి నీటిలో నానుతుంది, బరువూ పెరుగుతుంది.

మూతి అంచును ఐదు సెంటీమీటర్లు లోపలికి మడిచి, ఆ మడతలో నవారు పెట్టి కుట్టండి. నవారు లేకుండా ఐలెట్లు కొడితే కొన్నాళ్ళకు గుడ్డ చిరిగి రింగులు చేతికి వస్తాయి. మడత మధ్యలో ఐదేసి సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 16 ఐలెట్లు. సరి సంఖ్యే ఉండాలి, ఎందుకంటే తాడు బయటి నుంచి లోపలికి, లోపలి నుంచి బయటికి వెళ్తూ చుట్టూ తిరిగాక రెండు కొసలూ బయటే తేలాలి. ఇత్తడి ఐలెట్లు తీసుకోండి. ఇనుపవి కోస్తా గాలికి తొందరగా తుప్పు పడతాయి, ఆ తుప్పు తాడును కొరుకుతుంది.

తాడు ఆరు మిల్లీమీటర్ల అల్లిక పాలిస్టర్. నైలాన్ తడిస్తే సాగుతుంది, పొద్దున బిగించిన మూతి వానలో వదులవుతుంది. తాడు మధ్యభాగాన్ని సంచి వెనకవైపు కాన్వాస్‌కి కలిపి వేరే రంగు దారంతో గట్టిగా కుట్టెయ్యండి. ఈ ఒక్క కుట్టు చాలా ముఖ్యం, ఇది లేకపోతే పాత తాడు కోసి అలాంటిదే కొత్తది ఎక్కించేస్తారు. రెండు కొసల్లో చిన్న ఉచ్చులు మడిచి కుట్టండి. ముందువైపు, ఐలెట్లకు కొంచెం కింద, ఒక డీ రింగు నవారుతో కుట్టండి.

సీలు విషయంలో పీనాసితనం పనికిరాదు. మామూలు ప్లాస్టిక్ కేబుల్ టై లోపలి నాలుకను గుండుసూదితో పైకి లేపితే ఊడి వస్తుంది, మళ్ళీ అదే వేసెయ్యొచ్చు. లోపల లోహపు పట్టు ఉండి, మీద నంబరు అచ్చువేసిన లాగుడు సీళ్ళు తీసుకోండి. లాగినకొద్దీ బిగుస్తుంది కాబట్టి తాడులో మిగిలిన వదులు కూడా అదే తీసేస్తుంది.

ఆఖరున టోపీ. కుచ్చు మూతి మీద కప్పే తొడుగు ఇది. వెనకవైపు ఐలెట్లకు ఎనిమిది సెంటీమీటర్ల కింద కుట్టి, మూతి మీదుగా ముందుకు తెచ్చి, సీలు కూడా దాక్కునేలా కిందికి దించండి. ముందు ఒక ప్లాస్టిక్ క్లిప్పు చాలు. వెల్క్రో పెట్టమని కొందరంటారు గానీ బురద పట్టాక అది అంటుకోదు. టోపీకి భద్రతతో పని లేదు, ఎవరు ఎత్తి చూసినా ఫరవాలేదు, అది వానకీ ఎండకీ గొడుగు. లేబుల్ దాని కిందే, పారదర్శకమైన ప్లాస్టిక్ జేబులో పెట్టండి. పెన్సిల్‌తో రాయండి, లేదా బాల్ పెన్నుతో. చాలా జెల్ పెన్నుల రాత ఒక్క చుక్కకే పారిపోతుంది.

మూసే క్రమం ఇది. టపా గీత దాటకుండా నింపి, లోపలి సంచిని చేత్తో నొక్కి గాలి తీసెయ్యాలి. పట్టీ పట్టుకుని ఐదేసి సెంటీమీటర్ల మడతగా మూడుసార్లు చుట్టాలి. రెండుసార్లు చాలదు, మడత చివర్ల నుంచి నీళ్ళు పాకుతాయి. చుట్టిన దాన్ని ఒక పక్కకు పడుకోబెట్టి, రెండు చివర్లనీ కిందికి దోపాలి. తర్వాత పైసంచి తాడును రెండు చేతులా లాగి కుచ్చు బిగించి, మిగిలిన తాడును మెడ చుట్టూ రెండు చుట్లు తిప్పి, రెండు ఉచ్చులనీ డీ రింగు దగ్గరికి తేవాలి. సీలు రెండు ఉచ్చుల్లోంచీ రింగులోంచీ దూర్చి, ఇక కదలనంత వరకూ లాగాలి. కుచ్చు మధ్యలో పెన్సిల్ దూరుతుందేమో చూడండి. దూరితే మళ్ళీ బిగించాల్సిందే, పెన్సిల్ పట్టే సందులోంచి పోస్టుకార్డును సన్నగా చుట్టి లాగెయ్యొచ్చు.

సీలు నంబరు జాబితాలో రాసి, అదే నంబరు అవతలి ఆఫీసుకు ఫోన్‌లో వేరేగా పంపండి. సంచితో పాటే వెళ్ళే కాగితం మీద మాత్రమే రాస్తే ఉపయోగం లేదు, సీలు మార్చినవాడు కాగితం కూడా మారుస్తాడు. అందుకునే మనిషి సీలు కోసే ముందు నంబరు సరిచూసి, సీలును ఒకసారి గట్టిగా గుంజి చూసి, వెనక తాడు కుట్టు, అడుగు కుట్టు తడిమి, అప్పుడు కొయ్యాలి. టెన్షన్‌లో ఉన్నా, బస్సు హారన్ కొడుతున్నా ఈ నిమిషం వదలకూడదు. అంత జాగ్రత్తగా కుట్టిన సంచి ఇక్కడ చూసుకోకపోతే వట్టి గుడ్డే. కోసిన సీలును చెత్తలో వెయ్యకండి, లోపలి సరుకు లెక్క సరిపోయేదాకా దగ్గరే ఉంచండి.

వాడకానికి ఇచ్చే ముందు పరీక్షలు చెయ్యండి. లోపలి సంచిని విడిగా తీసి, గాలితో ఉబ్బించి, మూతి చుట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి నొక్కితే అతుకు ఎక్కడ బాగాలేదో అక్కడ బుడగలు వస్తాయి. తర్వాత మొత్తం సంచిలో జెల్ పెన్నుతో గీతలు గీసిన కాగితాలు నింపి, సీలు వేసి, అరగంట పైపు నీళ్ళ కింద పెట్టండి, పది నిమిషాలు తలకిందులుగా కూడా. ఎండలో ఆరబెట్టి చూడటం కాదు, తడిగా ఉన్నప్పుడే బయట తుడిచి తెరవండి. గీత పారిన కాగితం ఏ మూలన ఉందో చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది, ఎక్కువగా అడుగు మూలల్లోనే ఉంటుంది. చేతి పరీక్షకు సంచిని ఇంకొకరికి ఇచ్చి, పెన్నూ పిన్నూ వాడుకోనిచ్చి, తెలియకుండా ఒక్క కాగితం తియ్యమనండి. ఈ పరీక్ష కుట్టిన మనిషి చెయ్యకూడదు, తన సంచిలో లోపం తనకు కనిపించదు.

వానాకాలంలో లోపలి సంచిని సాయంత్రం విప్పి, తిరగేసి, నీడన ఆరెయ్యండి. తేమగా ఉన్న టపా వేసి మూతి గట్టిగా చుడితే ఆ తేమ బయటికి పోయే దారి ఉండదు, తెల్లారేసరికి కవర్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. తడి కవర్లు వస్తే వాటిని విడిగా ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి వెయ్యండి. వేసవిలో సంచిని ఎండలో పడేస్తే కోటింగ్ పాడవుతుంది. మడత గీతల దగ్గర గుడ్డ తెల్లబడటం, పొరలు లేవడం మొదలైతే లోపలి సంచి మార్చే సమయం వచ్చినట్టే, పైసంచి ఇంకా చాలాకాలం వస్తుంది. అందుకని మొదట్లోనే ఒక్కో పైసంచికి రెండు లోపలి సంచులు చేయించుకోండి, ఒకటి ఆరుతుంటే ఒకటి తిరుగుతుంది.