రంగు ముట్టుకోకుండా కారు మెరుపు మార్చుకోవడం ఎలా?

విజయవాడ ఆటోనగర్‌లో మాదొక చిన్న పెయింటింగ్ షెడ్డు. స్ప్రే గన్ మా మరిది చేతిలో ఉంటుంది, ఎస్టిమేట్ పుస్తకం నా చేతిలో ఉంటుంది. సాయంత్రం వచ్చే కుర్రాళ్ళలో సగం మంది ఫోన్ తీసి ఏదో జర్మనీ కారు ఫొటో చూపిస్తారు. "అక్కా, మన స్విఫ్ట్ ఇలా మ్యాట్ చేయించాలి, ఎంతవుతుంది?" అంటారు. మ్యాట్ అంటే మెరుపు లేని తీరు. నేను వెంటనే ధర చెప్పను. మగ్గుతో నీళ్ళు తీసుకుని బానెట్ మీద పోస్తాను.

ఈ పని మీరు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. నీళ్ళు పడ్డచోట రంగు నిండుగా కనిపించి, ఆరగానే మళ్ళీ వెలిసిపోతే పైపొర మసకబారిందంతే, చాలావరకు పాలిష్‌తో తిరిగొస్తుంది. తడిపినా మచ్చలు మచ్చలుగానే ఉండి, అంచున గోరు పెడితే పెచ్చు లేస్తే మాత్రం క్లియర్ కోటు, అంటే రంగు మీద ఉండే పారదర్శకమైన పొర, పోయినట్టే. ఆ ప్యానెల్‌ని రుద్ది, బేస్, అదే రంగు, కొట్టి, మళ్ళీ క్లియర్ వేయాల్సిందే. మన ఎండకి ముందుగా పోయేవి బానెట్, పైకప్పు. ఎరుపు కార్లయితే ఇంకా తొందరగా వెలుస్తాయి.

కంపెనీ పెయింట్ మొత్తం మందం సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు ఉంటుంది. కింద ప్రైమర్, మధ్యలో రంగు, పైన క్లియర్. మెరుపంతా ఆ పై క్లియర్‌దే. అది తల వెంట్రుక కంటే పలచన, రబ్బింగ్ చేసిన ప్రతిసారీ అందులోంచే కాస్త పోతుంది. అందుకే దీపావళికోసారి, ఉగాదికోసారి కంపౌండ్, అంటే అరగదీసే పేస్టు, రుద్దించే అలవాటు మానండి.

మెరుపు క్లియర్‌దే కాబట్టి కారు తీరు మార్చడానికి రంగు మార్చనక్కర్లేదు. నేను అందరికీ చెప్పేది ఇదే. రంగు మార్చాలంటే డోర్ల లోపలి అంచులు, బానెట్ కింద, డిక్కీ గాడి అన్నీ విప్పి కొట్టాలి. అవి వదిలేస్తే డోరు తీసిన ప్రతిసారీ పాత రంగు వెక్కిరిస్తుంది. పైగా ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరానికి తేడా వస్తే రవాణా శాఖలో నమోదు చేయించాలి, ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పాలి. వేరే రంగు స్టిక్కర్ కారంతా చుట్టించినా ఈ గొడవ తప్పదు. మిలిటరీ పచ్చ, అదే ఆలివ్ గ్రీన్, అయితే అసలు అడగకండి. అది రక్షణ శాఖ బండ్లకే, 1989 కేంద్ర నిబంధనల్లో 121వది చదివితే ఉంటుంది.

అన్నిటికంటే చవక మెషీన్ పాలిష్. చిన్న కారుకి మా దగ్గర 2,500 నుంచి 4,000 దాకా అవుతుంది. మచ్చలున్నచోట 2000 నంబరు వాటర్ పేపర్‌తో, అంటే సన్నటి గరుకు కాగితంతో, తడి రుద్దుడు, తర్వాత కంపౌండ్, చివర పాలిష్. ఆ పైన ఒక సీలెంటు పూయిస్తే కొన్ని నెలలు నీళ్ళు జారిపోతుంటాయి. మ్యాట్ కావాలని వచ్చిన వాళ్ళలో చాలామంది పాలిష్ అయిన కారు చూసి ఆ మాటే మర్చిపోతారు.

అయినా మ్యాటే కావాలంటే, ఉన్న రంగు మీదే మ్యాట్ క్లియర్ కొట్టించుకోవచ్చు. చిన్న కారుకి 25,000 నుంచి 35,000 మధ్య రాస్తాను. పెచ్చులు లేచిన ప్యానెళ్ళుంటే వాటి ఖర్చు వేరు. 800 పేపర్‌తో గానీ బూడిద రంగు స్కాచ్‌బ్రైట్‌తో గానీ మెరుపు మొత్తం చంపి, జిడ్డు తుడిచి, మాస్కింగ్ వేసి, హార్డ్‌నర్ కలిపిన మ్యాట్ క్లియర్ రెండు కోట్లు కొడతారు. వినడానికి తేలికే. చిక్కేమిటంటే, మామూలు క్లియర్ మీద దుమ్ము పడితే ఆరాక రుద్ది పాలిష్ చేసి దాచేస్తాం. మ్యాట్ మీద రుద్దితే అక్కడ మెరుపు వచ్చేస్తుంది, ఇక ఆ ప్యానెల్ మొత్తం మళ్ళీ కొట్టాలి. అందుకే మ్యాట్ పని వస్తే మేము బూత్, అంటే దుమ్ము రాని మూసిన గది, అద్దెకు తీసుకుంటాం. రేకుల షెడ్డు కింద కొడతామంటే ఎంత తక్కువ చెప్పినా ఒప్పుకోకండి.

కారంతా ఒకే రోజు, ఒకే డబ్బా కలయికతో కొట్టారా అని కూడా అడగండి. గన్ ఒత్తిడి, కోటు మందం, ఆరే వేగం మారితే మ్యాట్ తీరు మారుతుంది, డోరు ఒకలా ఫెండర్ ఒకలా కనిపిస్తాయి. రోహిణి కార్తెలో థిన్నర్ గాల్లోనే ఆరిపోయి గరుకు తేలుతుంది, ముసురు రోజుల్లో తేమకి తెల్లబారుతుంది. మా మరిది మే నెలలో నిదానంగా ఆరే థిన్నర్ వాడి, తెల్లవారుజామునే పని మొదలుపెడతాడు. నన్నడిగితే పూర్తి మ్యాట్ కంటే శాటిన్, అంటే సగం మెరుపు, మేలు. చూడ్డానికి అదే పోకడ, తుడవడం మాత్రం తేలిక.

మ్యాట్ కారుకి మనూళ్ళో వచ్చే మొదటి గండం పూజ. షెడ్డులోంచి తీసిన బండి నేరుగా దుర్గమ్మ కొండకి వెళ్తుంది. బానెట్ మీద నూనెలో కలిపిన సిందూరంతో స్వస్తిక్, చుట్టూ పసుపు బొట్లు. నున్నటి పెయింట్ మీద అవి తడిగుడ్డకి పోతాయి. మ్యాట్ గరుకులో నూనె దిగి మచ్చ కడుతుంది. పసుపు ఎండకి మెల్లగా వెలుస్తుంది గానీ సిందూరం అంత తేలిగ్గా వదలదు. బొట్లు అద్దం మీద, నంబరు ప్లేటు పక్కన పెట్టమని పూజారి గారిని అడగండి, ఏమీ అనుకోరు. ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు ఉండేవాళ్ళకి థర్మల్ కేంద్రం బూడిద ఇంకో బెడద. పొడిగుడ్డతో తుడిచారా, గీతలే. ముందు నీళ్ళు పోసి దించాలి. మ్యాట్‌కి వ్యాక్స్ పాలిష్ తగలనివ్వకండి, బ్రష్షుల మెషీన్ వాష్‌కి పంపకండి.

స్టిక్కర్ చుట్టించడం, అంటే వ్రాప్, ఇంకో దారి. క్యాస్ట్ వినైల్ అనే మంచి రకం స్టిక్కర్‌తో చిన్న కారు మొత్తానికి 50,000 పైమాటే. అంత పెట్టలేకపోతే పైకప్పు ఒక్కటే నల్ల గ్లాసీ చేయించండి, 4,000 నుంచి 6,000లో అయిపోతుంది, తెల్ల కారు ముఖమే మారిపోతుంది. చవక రకం క్యాలెండర్డ్ వినైల్ వంపుల దగ్గర ముడుచుకుని అంచులు లేస్తుంది. రోల్ వెనక కాగితం మీద కంపెనీ పేరు అచ్చయి ఉంటుంది, కోసేముందు చూపించమనండి. ఇంతకుముందు పెయింట్ కొట్టించిన ప్యానెల్ ఏదైనా ఉంటే వ్రాప్ వాళ్ళకి ముందే చెప్పండి, స్టిక్కర్ పీకినప్పుడు ఆ పెయింట్ కూడా లేచి రావచ్చు. పెచ్చులు లేస్తున్న క్లియర్ మీద వ్రాప్ వేయించడం దండగ. పనిలో పనిగా అద్దాలకీ నల్ల ఫిల్మ్ వేస్తామంటారు, వద్దనండి, 2012లోనే సుప్రీంకోర్టు వాటిని కాదంది.

ఊడదీసుకోగల రబ్బరు పెయింట్ స్ప్రే డబ్బాల్లో దొరుకుతుంది. చక్రాలకి, గ్రిల్‌కి బాగుంటుంది. కనీసం ఐదారు కోట్లు పడాలి, పలచగా వేస్తే తీసేటప్పుడు ముక్కలు ముక్కలుగా వచ్చి ప్రాణం తీస్తుంది. పెట్రోల్ చిందితే కరిగిపోతుంది కాబట్టి ట్యాంకు మూత దగ్గర వాడకండి.

ఏ పని చేయించినా బిల్లు మీద పెయింట్ కోడ్, క్లియర్ కంపెనీ పేరు, ఎన్ని కోట్లో రాయించుకోండి. రేపు ఒక్క డోరు గీసుకుపోతే ఆ చీటీయే దిక్కు. డెలివరీ ట్యూబులైట్ కింద తీసుకోకండి. పొద్దున పదింటికి వచ్చి, కారు ఎండలో పెట్టించి, పక్కనుంచి వంగి చూడండి. కమలాపండు తొక్కలాంటి గరుకు, డోరు రబ్బర్ల దగ్గర టేపు గీత అప్పుడే కనిపిస్తాయి. అవి సరిచేశాకే మిగతా డబ్బు ఇవ్వండి, మాకైనా సరే.