పెద్దవాళ్ల నోట ఉన్న సామెతలు, ఆటపాటలు, దెయ్యం కథలు రికార్డు చేసి రాసిపెట్టుకోవడం ఎలా

ఫోను ముందు పెట్టి "మీకు తెలిసిన సామెతలన్నీ చెప్పండి" అంటే ఏ పెద్దావిడైనా నాలుగు చెప్పి ఆగిపోతుంది. ఆ నాలుగూ బడి పుస్తకాల్లో ఉన్నవే అయి ఉంటాయి. ఆవిడకు తెలియక కాదు. సామెతలు వరసగా గుర్తుండవు, సందర్భం వస్తే నోటికొస్తాయి. కాబట్టి అడగాల్సింది సందర్భాన్ని.

"కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఏమని ఎత్తిపొడిచేవాళ్లు అమ్మమ్మా?", "అప్పు తీసుకుని మొహం చాటేసినవాణ్ణి ఏమనేవాళ్లు తాతా?", "వాన మొహం చాటేసిన ఏడు పొలం గట్టు మీద ఏమనుకునేవాళ్లు?" ఇలా అడిగితే సామెతతో పాటు దాని వెనకున్న గొడవ కూడా బయటికొస్తుంది. ఆ గొడవను కూడా రాసుకోవాలి. ఎవరు, ఎవరితో, ఎందుకన్నారో వదిలేసి సామెత ఒక్కటే రాసుకుంటే సగం పోయినట్టే.

ఇంకో ఉపాయం, సామెతను మీరే మొదలుపెట్టి సగంలో ఆపడం. "అడ్డాలనాడు బిడ్డలు గానీ..." అని ఊరుకోండి. మిగతాది వాళ్లు పూర్తిచేస్తారు, దాని వెనకే అలాంటివి మరో రెండు వస్తాయి. పొడుపుకథల్లో అయితే వరస మార్చండి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అని మీరు ఒకటి పొడవండి. కనురెప్పలని విప్పేశాక ఆవిడ ఊరుకోదు, మిమ్మల్ని ఇరికించేది ఒకటి పొడుస్తుంది. పొడుపుకథ ఆటగా సాగితేనే వస్తుంది. ఇంటర్వ్యూగా మారిందంటే మూడో దానికే ఆగిపోతుంది.

పూలు కడుతున్నప్పుడో, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నప్పుడో అడగడం మంచిది. చేతులకు పనుంటే నోరు తేలిగ్గా ఆడుతుంది. ఒకే ఈడువాళ్లు ఇద్దరుంటే ఒకరు మరిచింది ఇంకొకరు అందిస్తారు. ముగ్గురు దాటితే మాత్రం మాట మీద మాట పడి ఏదీ వినబడదు.

రికార్డింగు

ఖరీదైన మైకు అక్కర్లేదు, ఫోను చాలు. ముందు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. కథ పట్టుకొచ్చే చోట ఫోను మోగితే అది మళ్లీ అలాగే రాదు. రికార్డరు యాప్‌లో వేవ్ (WAV) ఫార్మాటు, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో ఎంచుకోండి. గంటకు దాదాపు 320 ఎంబీ పడుతుంది, కాబట్టి ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఫోను నోటికి మూరెడు దూరంలో ఉండాలి. మరీ దగ్గరైతే ప, బ, ఫ పలికినప్పుడల్లా ఊపిరి కొట్టుకుంటుంది. ఉత్త బల్ల మీదో స్టీలు పళ్లెంలోనో పెడితే ప్రతి కదలికా దడదడమంటుంది, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి. ఎక్కువ రికార్డింగులను పాడుచేసేది సీలింగు ఫ్యాను. మన చెవి దాన్ని పట్టించుకోదు గానీ మైకు ఒక్క క్షణం కూడా వదలదు. ఒక్క నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లతో విని, అప్పుడు మొదలుపెట్టండి.

ఫైలును వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి. వాయిస్ మెసేజిగా చేసింది బాగా కుదించుకుపోతుంది, ఆ పోయిన ధ్వని తిరిగి రాదు.

మొదటి అర నిమిషంలో మీరే తేదీ, ఊరు, చెప్పేవారి పేరు, వయసు పలకండి. రికార్డు చేసుకుంటున్నామని, దేనికోసమో చెప్పి, "సరేనా?" అని అడిగి, ఆ "సరే" కూడా రికార్డులో పడనివ్వండి. పాట పాడినా కథ చెప్పినా వాళ్లు ప్రదర్శకులే. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షను ప్రకారం ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లుంటుంది. యూట్యూబులో పెట్టే ఆలోచన ఉంటే ఆ మాట విడిగా అడగాలి. ఇంట్లో దాచుకోవడానికి సరేనన్నవాళ్లు ఊరందరికీ వినిపించడానికి సరేనన్నట్టు కాదు.

ఆడవాళ్ల దగ్గర తప్పక అడగాల్సింది పుట్టిల్లు. గోదావరి పక్క నుంచి పల్నాడుకు కాపురానికొచ్చిన ఆవిడ పాడే పాటను పల్నాడు పాటని రాసుకుంటే తప్పు. చిన్నప్పుడు నేర్చిందా, అత్తవారింట నేర్చిందా అడిగి రెండు ఊళ్లూ రాయండి. జిల్లా పేరు కూడా పాతదీ కొత్తదీ రెండూ ఉండాలి. తెలంగాణలో 2016లో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. పాత సంకలనాల్లో ఉన్నవి పాత జిల్లాల పేర్లే, పోల్చి చూసేటప్పుడు ఇది లేకపోతే దారి దొరకదు.

ఆటపాటల్లో మాట ఒక్కటే రాస్తే చాలదు

"చెమ్మచెక్క" చేతులు చరుచుకునే ఆట, "ఒప్పులకుప్ప" చేతులు పెనవేసుకుని తిరిగే ఆట. పాటను ఆట నుంచి విడదీసి పాడమంటే సగం మందికి చరణాలు గుర్తురావు, ఆడుతూ ఉంటే అవే వస్తాయి. ఇక్కడ వీడియో తప్పనిసరి. మొహాలు కాకుండా చేతులూ కాళ్లూ కనిపించేలా ఫోను నడుము ఎత్తులో పెట్టండి.

"కాళ్లా గజ్జా కంకాళమ్మా" ఉదాహరణగా తీసుకుందాం. పిల్లలు వరసగా కాళ్లు చాపి కూర్చుంటారు. ఒకరు ఒక్కో కాలునూ తాకుతూ పాడతారు, చివరి మాట ఏ కాలు మీద పడితే ఆ కాలు ముడవాలి. పాట గొలుసులా నడుస్తుంది: "వేగుచుక్కా వెలగా మొగ్గా, మొగ్గా కాదూ మోదుగ నీడా, నీడా కాదూ నిమ్మల బావీ..." ప్రతి పాదం చివరి మాటను కాదంటూ తర్వాతి పాదం లేస్తుంది. అందువల్ల ఒక మాట మరిచిపోయినవాళ్లు ఆగిపోరు, తమకు తెలిసిన మరో మాటకు దూకేస్తారు. ఊరూరికీ పాట మారేది సరిగ్గా ఈ దూకుళ్ల దగ్గరే. పాదానికో అంకె వేసి, ఒక్కో పాదం ఒక్కో గీతలో రాస్తే రెండు ఊళ్ల పాటలను పక్కపక్కన పెట్టగానే ఏ మాట దగ్గర విడిపోయాయో తెలిసిపోతుంది. లెక్క ఏ కాలితో మొదలైంది, ఏ అక్షరం మీద చెయ్యి పడింది, చివర "కాలు తీసి కడగా పెట్టు" అన్నారా వేరే మాటా, ముడవాల్సిన కాళ్లన్నీ అయిపోయాక ఏం చేశారు, ఇవన్నీ రాయాలి.

ఈ పాట గజ్జి వైద్యం చెబుతుందని ఒక వివరణ ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తోంది. ఎవరైనా ఆ మాట చెబితే రాసుకోండి, కానీ పాట కింద కాదు, "చెప్పినవారి వివరణ" అని వేరే గడిలో. దాన్ని వాళ్లు ఎవరి దగ్గర విన్నారో కూడా అడగండి. ఫోనులో చదివిన వివరణ ముసలమ్మ నోట వచ్చినంత మాత్రాన పాతది కాదు.

కార్తెల సామెతలు

ఇవి చాలా విలువైనవి, చాలామంది అజాగ్రత్తగా రాసుకుంటున్నవి కూడా ఇవే. కార్తెలు 27. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు ఒక కార్తె. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఉత్తర సెప్టెంబరు 13 ప్రాంతంలో మొదలవుతాయి, ఏడాదిని బట్టి ఒక రోజు అటూఇటూ. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారంటే, ఉత్తర దాకా చూసినా వాన పడకపోతే ఇక ఆశ లేదు, గంప నెత్తినెత్తుకుని ఊరు విడవడమే అని. దీన్ని రాసేటప్పుడు కార్తె తేదీ, ఆ ఊళ్లో పొలం వానాధారమా, చెరువు కిందా, కాలువ కిందా, అప్పట్లో ఏ పంట వేసేవాళ్లు, గంప ఎత్తుకుని ఏ దిక్కుకు పోయేవాళ్లు అని అడగండి. కాలువ వచ్చాక ఆ సామెత మానేశారా, మామూలు మాటల్లోకి తెచ్చుకున్నారా అన్నది కూడా. ఈ వివరాలుంటే ఆ నాలుగు మాటల్లో ఊరి వ్యవసాయం అంతా దొరుకుతుంది.

ఒకే సామెత ఎక్కడెక్కడ ఎలా మారిందో పోల్చడానికి పాత అచ్చు సంకలనాలున్నాయి. కెప్టెన్ కార్ 1868లో మద్రాసులో అచ్చు వేయించిన తెలుగు సామెతల సంకలనం వాటిలో ఒకటి. మీ అమ్మమ్మ చెప్పింది అచ్చులో ఉన్నదానితో కలవకపోతే అమ్మమ్మది దిద్దకండి. ఆ తేడా కోసమే ఇంత పని.

కులాన్నో, వితంతువునో, అవిటితనాన్నో కించపరిచే సామెతలు తప్పక వస్తాయి. వాటిని రాసిపెట్టండి, చదును చేయకండి. ఎవరు ఎవర్ని ఎలా చూశారో వాటిలో ఉంది. అయితే వాటిని రీల్సుగా చేసి బయట తిప్పడం వేరే పని, అది చేయకూడదు. ఫైలులో విడిగా గుర్తు పెట్టుకుంటే పొరపాటున బయటికి పోదు.

దిష్టి, శకునాలు

నమ్మకాన్ని మాటల్లో అడిగితే "మూడుసార్లు తిప్పి పారేస్తాం" అని ఒక్క ముక్కలో తేలుస్తారు. చేసి చూపించమనండి. ఎండుమిరపకాయలు ఎన్ని, రాళ్ల ఉప్పు ఎంత, ఆవాలు కలుపుతారా, ఏ చేత్తో, ఏ వైపు నుంచి ఏ వైపుకు, తిప్పుతూ ఏమంటారు, ఆ తర్వాత నిప్పులో వేస్తారా, మూడుదారుల్లో పోస్తారా, కాళ్లు కడుక్కుంటారా. "చిటికెడు" అన్నది ఆవిడ చేతి చిటికెడు. దాన్ని చెంచాలో పోసి చూసి కొలత రాయండి. దిష్టి తీసే ఎర్రనీళ్లకు అయితే పసుపు నీళ్లలో సున్నం వేయగానే రంగు తిరుగుతుంది. పసుపులోని కుర్కుమిన్ సున్నపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సున్నం నిలవైపోయి సత్తువ తగ్గితే రంగు సరిగ్గా రాదు, "ఈసారి ఎర్రబడలేదేంటి" అని దానికీ ఒక అర్థం చెబుతారు. ఆ అర్థాన్ని కూడా రాయండి. మిరపకాయలు కాల్చేది పసిపిల్లకు అయితే మీ రికార్డింగు కోసం పిల్లను ఆ పొగలో కూర్చోబెట్టవద్దు, ఖాళీ పీట ముందు చూపించమంటే చాలు.

దెయ్యం కథలు

"దెయ్యాలున్నాయా?" అని అడిగితే వాదన మొదలవుతుంది. "పొద్దుపోయాక మనూళ్లో ఎవరూ వెళ్లని చోటేది పెదనాన్నా?" అని అడగండి. చింతచెట్టో, పాడుబడ్డ బావో, చెరువు తూమో చెబుతారు. ఎందుకు వెళ్లరో అడిగితే కథ దానంతటదే నడుస్తుంది. కథ మధ్యలో నవ్వకూడదు, "నిజంగానా?" అనకూడదు. ఆ ఒక్క మాటతో చెప్పేవాళ్లు కథ వదిలేసి తమను తాము సమర్థించుకోవడంలో పడిపోతారు.

కథ అయ్యాక అప్పుడు అడగండి: ఇది ఎవరికి జరిగింది, మీకా, మీ నాన్నకా, "ఎవరికో"నా? మొదట తెలిసింది కంటికా, చెవికా, ముక్కుకా? గజ్జెల చప్పుడా, మల్లెపూల వాసనా, దూరంగా పొలాల్లో కదిలే నిప్పా? కొరివి దెయ్యమన్నప్పుడు ఆ నిప్పు నిలకడగా ఉందా, దూకుతూ పోయిందా? ఏ చేను వైపు, ఏ నెలలో? ఎలా తప్పించుకున్నారు: ఆంజనేయ దండకమా, వెనక్కి తిరిగి చూడకపోవడమా, అగ్గిపుల్లా, ఇనుప ముక్కా? కొన్నాళ్లాగి అదే కథ మళ్లీ చెప్పించుకోండి. చోటు, తప్పించుకున్న తీరు సాధారణంగా మారవు, మనుషుల పేర్లూ సంఖ్యలూ మారతాయి.

1990లలో రాత్రిపూట ఆడదెయ్యం వచ్చి తలుపు కొడుతుందన్న భయంతో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న సంగతి ఇంకో రకం. అది వదంతిగా ఊరి నుంచి ఊరికి నడిచింది. దానికి కథకన్నా కబురు ముఖ్యం: ఎవరు మోసుకొచ్చారు, ఏ ఊరి నుంచి, ఏ పంట కాలంలో, తలుపు మీద రాశారా గోడ మీదా, సుద్దతోనా రంగుతోనా, అక్షరాలు సరిగ్గా ఏవి. పాత తలుపు ఇంకా ఉంటే టార్చిలైటు పక్క నుంచి ఏటవాలుగా వేసి ఫోటో తీయండి, పైన రంగు వేసినా అడుగున గీతలు కనిపించే అవకాశం ఉంటుంది.

చేతబడి, బాణామతి, చిల్లంగి కబుర్లలో బతికున్నవాళ్ల పేర్లు వస్తాయి. ఆ అనుమానంతోనే మన ఊళ్లలో మనుషుల్ని కొట్టి చంపారు. రాతలో పేరు, ఇల్లు, వీధి, చుట్టరికం అన్నీ తీసేయండి. ఆ ఆడియోను ఎవరికీ పంపకండి.

రాయడం

గంట రికార్డుకు ఆరేడు గంటల రాత పడుతుంది, కాబట్టి ఆ వారంలోనే మొదలుపెట్టాలి. విన్నది విన్నట్టు రాయండి. "వచ్చిండు", "వచ్చినాడు", "వచ్చాడు" మూడూ మూడు చోట్ల మాటలు, వాటిని ఒకటి చేస్తే ఊరు చెరిగిపోతుంది. "ౘాప", "ౙల్లెడ" లాంటి పలుకులకు ౘ, ౙ అక్షరాలు యూనికోడ్‌లో ఉన్నాయి, వాడండి. అర్థం కాని మాటకు ప్రశ్నార్థకం పెట్టి నిమిషం, సెకను పక్కన రాయండి. ఊహించి నింపిన మాట తర్వాత ఎవరికీ అనుమానం రాకుండా స్థిరపడిపోతుంది.

ఫైలు పేరులో తేదీ, ఊరు, చెప్పినవారి పొడి అక్షరాలు, అంకె ఉంటే చాలు. ఫోనులో ఒకటి, హార్డ్‌డిస్కులో ఒకటి, వేరే ఇంట్లో ఒకటి, మూడు ప్రతులుండాలి.

రాసింది 18 పాయింట్ల అక్షరాల్లో ప్రింటు తీసి చెప్పినవాళ్లకే ఇవ్వండి, చదవలేకపోతే చదివి వినిపించండి. "ఇట్లా కాదు నేను చెప్పింది" అని మొదలుపెట్టి కొత్తవి చెబుతారు. ఆ పూట కూడా ఫోను ఆన్ చేసే ఉంచండి.