గిల్డ్ రెయిడ్‌లకు హాజరు, ఆటతీరు: నియమాలు రాసుకునే పద్ధతి

రాత్రి 9:30కి రెయిడ్ (ఆన్‌లైన్ ఆటలో జట్టంతా కలిసి పెద్ద శత్రువుల మీద చేసే పోరాటం) అని చెప్పుకుని, రాని ఒక్క ట్యాంక్ (శత్రువు దెబ్బలను తన మీదకు తీసుకునే ఆటగాడు) కోసం మిగిలిన పంతొమ్మిది మంది 9:45 దాకా కూర్చుంటే పోయేది పావుగంట మాత్రమే అనిపిస్తుంది గానీ, పంతొమ్మిది పావుగంటలు కలిపి చూస్తే దాదాపు ఐదు గంటలు అవుతుంది. ఆ ఐదు గంటలు రుషికొండ ఆఫీసు నుంచి వచ్చి గబగబా అన్నం తిని కూర్చున్నవారివి, పిల్లలను పడుకోబెట్టి వచ్చినవారివి, మర్నాడు పొద్దున్నే కాలేజీకి వెళ్లవలసినవారివి. విశాఖపట్నంలో ఉన్న పాతికమందిమి కలిసి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో ఒక గిల్డ్ (ఎప్పుడూ కలిసి ఆడే బృందం) నడుపుతున్నాం. హాజరు గురించీ ఆటతీరు గురించీ నియమాలు ఎలా రాసుకోవాలో, రాసుకున్నాక ఎలా అమలు చేయాలో మాకు అనుభవం మీద తెలిసినంత మేరకు ఇక్కడ వివరిస్తున్నాను. వేరే ఆట ఆడే గిల్డ్‌లు అంకెలు మార్చుకుంటే చాలు.

ముందుగా మీరు ఆడే రెయిడ్ ఎంతమందిని అడుగుతుందో చూసుకోండి, ఎందుకంటే హాజరు నియమం ఎంత గట్టిగా ఉండాలన్నది దాని మీదే ఆధారపడుతుంది. 2004లో ఈ ఆట వచ్చిన తొలి రోజుల్లో మోల్టెన్ కోర్ వంటి రెయిడ్‌కు 40 మంది వెళ్లేవారు. 2007లో ఈ ఆటకు అదనపు భాగంగా వచ్చిన బర్నింగ్ క్రూసేడ్ ఆ సంఖ్యను 25కూ 10కీ తగ్గించింది. 2014లో అన్నిటికన్నా కష్టమైన మిథిక్ స్థాయిని సరిగ్గా 20 మందికి స్థిరపరిచారు. అంతకన్నా తేలికైన నార్మల్, హీరోయిక్ స్థాయిలలో 10 నుంచి 30 మంది దాకా ఎంతమంది వస్తే అంతమందికి తగినట్టు బాస్ (ఓడించవలసిన పెద్ద శత్రువు) బలం మారుతుంది గనుక ఒకరిద్దరు తగ్గినా ఆ రాత్రి వృథా కాదు. మిథిక్‌లో ఆ వెసులుబాటు లేదు, పంతొమ్మిది మందితో వెళ్లినా బాస్ బలం తగ్గదు. ఫైనల్ ఫాంటసీ 14 అనే మరో ఆటలో సావేజ్ అనే కష్టమైన స్థాయి రెయిడ్ ఆడేవారికి జట్టే ఎనిమిది మంది కాబట్టి, వారిలో ఒక్కరు రాకపోయినా జట్టులో ఎనిమిదో వంతు పోయినట్టే.

కొత్తగా గిల్డ్ పెట్టినవారు తరచుగా చేసే పొరపాటు ఇరవై సీట్లకు ఇరవై మందినే తీసుకోవడం. ప్రతి ఒక్కరూ నూటికి తొంభై రాత్రులు వచ్చే నమ్మకస్తులే అనుకుందాం, ఒకరి సెలవుకూ మరొకరి సెలవుకూ సంబంధం లేదనీ అనుకుందాం. అప్పుడు కూడా ఇరవై మందీ ఒకేసారి కనిపించే రాత్రులు వందకు పన్నెండు మాత్రమే. అదే నమ్మకస్తులు ఇరవై నాలుగు మంది ఉంటే కనీసం ఇరవై మంది దొరికే రాత్రులు వందకు తొంభై ఒకటి అవుతాయి. నాకు ఈ లెక్క తెలియని రోజుల్లో రానివారి మీద చాలా కోపం తెచ్చుకున్నాను. నిజానికి తప్పు జాబితాలో ఉంది. కాబట్టి మిథిక్‌కు 24 నుంచి 26 మంది ఉండేలా చూసుకోండి, అందులో మూడో ట్యాంక్‌గా మారగలిగినవారు ఒకరు, హీలర్‌గా (దెబ్బతిన్నవారికి మళ్లీ బలం ఇచ్చే పాత్ర) మారగలిగినవారు ఒకరు తప్పక ఉండాలి. దీనికి జతగా రాయవలసిన నియమం ఒకటుంది: రెయిడ్‌కు సిద్ధంగా వచ్చి, సీటు లేక బెంచ్ మీద ఉన్న రాత్రిని పూర్తి హాజరుగానే లెక్కించాలి. ఇది రాయకపోతే ఆ మిగులు నలుగురు నెల తిరగకుండానే వేరే గిల్డ్‌కు వెళ్లిపోతారు, వారిని తప్పుపట్టడానికీ లేదు.

ఇక హాజరు నియమం. మేము వారానికి రెండు రాత్రులు, 9:30 నుంచి 12 దాకా ఆడతాం. మా పత్రంలో ఈ భాగం ఇంతే ఉంటుంది: “ఆరు వారాలకు 12 రాత్రులు. అందులో కనీసం 9 రాత్రులు రావాలి. రాలేనని ఆ రోజు సాయంత్రం 6 గంటల లోపు చెబితే అది సెలవు. ఆ తరువాత చెబితే ఆలస్యపు కబురు. అసలు చెప్పకపోతే గైర్హాజరు. రెండు ఆలస్యపు కబుర్లు ఒక గైర్హాజరుతో సమానం. ఆరు వారాలలో రెండు గైర్హాజరులైతే తరువాతి రెండు రాత్రులు బెంచ్, ఆ రెండు రాత్రులు మాత్రం హాజరు లెక్కలోకి రావు.” సాయంత్రం ఆరు అని ఎందుకు పెట్టామంటే, అప్పటికి కబురు అందితే మరొకరిని అడగడానికి మూడున్నర గంటల వ్యవధి ఉంటుంది. కారణం అడగవద్దని నా గట్టి అభిప్రాయం. ఇంట్లో గొడవైనవాడు, ఆస్పత్రికి వెళ్లినవాడు, ఊరికే అలసిపోయినవాడు, ముగ్గురూ ఒక్క మాటతో సెలవు పెట్టగలిగితేనే ఆ మాట వేళకు వస్తుంది. సంజాయిషీ చెప్పుకోవాలంటే జనం మొహమాటపడి మౌనంగా ఉండిపోతారు, ఆ మౌనమే గిల్డ్‌కు నష్టం.

మన మొహమాటం గురించి ఇక్కడే ఇంకొక మాట చెప్పాలి. “రేపు వస్తున్నావా?” అని అడిగితే మనవాళ్లలో సగం మంది “చూద్దాంలే అన్నా” అంటారు. కాదని ముఖాన చెప్పడం ఇష్టంలేక ఆ మాట అంటారే తప్ప మోసం చేయాలని కాదు, కానీ రెయిడ్ నడిపేవాడు ఆ మాట నమ్మి ఇరవై మందిని పిలవలేడు. అందుకని “చూద్దాం” అంటే రావడం లేదని అర్థమని మేము పత్రంలోనే రాసుకున్నాం. అలా అన్నవారి సీటు ఆ క్షణమే మరొకరికి వెళ్తుంది, వారికి సెలవు పడుతుంది. తీరా ఆ రాత్రి వస్తే బెంచ్ మీద ఉంటారు. ఈ ఒక్క వాక్యం రాసిన తరువాత రాత్రి తొమ్మిదింటికి నేను చేసే ఫోన్లు చాలావరకు తగ్గిపోయాయి.

షిఫ్టులలో పనిచేసేవారికి వేరే లెక్క పెట్టాలి. ఉక్కు కర్మాగారంలో, పోర్టులో, రిఫైనరీలో పనిచేసేవారు ఉన్న ఊరు మనది. రాత్రి పదింటికి డ్యూటీ దిగి కూర్మన్నపాలెంలో ఇంటికి చేరేవాడిని 9:30కి రమ్మనడం న్యాయం కాదు. వారికి షిఫ్టు పట్టిక ముందే తెలుస్తుంది కాబట్టి నెల మొదట్లో దాన్ని తీసుకుని, వారు రాగలిగిన రాత్రులనే మొత్తంగా తీసుకుని, అందులో నాలుగింట మూడు వంతులు అడగండి. మా గిల్డ్‌లో వేళ తప్పని ఆటగాళ్లు వీళ్లే.

రెయిడ్ పెట్టకూడని రోజులను కూడా సంవత్సరం మొదట్లోనే రాసేసుకోండి. సంక్రాంతి మూడు రోజులు ఎవరి సొంతూళ్లలో వారుంటారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది. 32 కిలోమీటర్లు రాత్రంతా నడిచి వచ్చినవారిని మర్నాడు కూడా వదిలేయాలి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు గిల్డ్ మొత్తానికి సెలవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత ఈ నగరంలో రోజుల తరబడి కరెంటు, ఫోను లేని సంగతి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. అటువంటప్పుడు సెలవు చెప్పడానికి కూడా దారి ఉండదు కాబట్టి నియమమే ఆ సెలవు ఇచ్చేయాలి. మామూలు రోజున రెయిడ్ మధ్యలో కరెంటు పోతే ఫోన్ నుంచి, మేము మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో ఒక్క ముక్క పెడితే చాలు, పది నిమిషాలు ఆగుతాం, తరువాత బెంచ్ మీదివారు లోపలికి వస్తారు. నెట్ పెట్టెకు చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోమని కొత్తవారికి సలహా ఇస్తాం గానీ దాన్ని నియమం చేయలేదు, ఒకరి ఇంటి ఖర్చును గిల్డ్ నిర్ణయించకూడదు.

యూరప్ సర్వర్‌లో ఆడేవారికి గడియారం తిప్పలు ఒకటి ఉంది. అక్కడ మార్చి చివరి ఆదివారం గడియారం గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కు జరుపుతారు, మనకు ఆ మార్పు లేదు. మన రాత్రి 9:30 అంటే మధ్య యూరప్ సమయం ప్రకారం చలికాలంలో సాయంత్రం 5, వేసవిలో 6. సర్వర్ సమయం చూసుకుని వచ్చేవారు ఆ రెండు వారాల్లో గంట అటో ఇటో అయిపోతారు కాబట్టి వేళను ఎప్పుడూ భారత కాలమానంలోనే రాసి, ఆ ఆదివారాలకు ముందు ఒకసారి గుర్తుచేయండి.

ఇప్పుడు ఆటతీరు. ఎక్కువ గిల్డ్‌లు ఇక్కడ డ్యామేజ్ (శత్రువును ఎంత గట్టిగా కొట్టారన్నది) అంకెతో మొదలుపెడతాయి, మేమూ అలాగే మొదలుపెట్టి దెబ్బతిన్నాం. ఒక ఉదాహరణ చూడండి. ఇరవై మందిలో ఇద్దరు ట్యాంకులు, నలుగురు హీలర్లు పోగా పద్నాలుగు మంది డ్యామేజ్ చేస్తారు. బాస్‌కు ఎనిమిది నిమిషాల ఎన్‌రేజ్ ఉందనుకోండి, అంటే ఆ లోపు ఓడించకపోతే అది రెచ్చిపోయి జట్టును చంపేస్తుంది. వారిలో ఒకరు అందరికన్నా పది శాతం తక్కువ కొడుతూ చివరిదాకా బతికి ఉంటే జట్టు మొత్తం డ్యామేజ్‌లో నష్టం ఒక శాతం కూడా కాదు, 0.7 శాతం. అందరితో సమానంగా కొట్టేవారు రెండో నిమిషంలో చనిపోతే నష్టం 5.4 శాతం, అంటే ఏడు రెట్లకు పైగా. పోరాటం మధ్యలో లేపే మంత్రాలు ఉన్నా, అవి ఒక్కో పోరాటానికి కొన్నే దొరుకుతాయి, వాటిని ట్యాంకుల కోసం దాచుకోవాలి. అందుకే మా పత్రంలో ఆటతీరు కింద మొదటి వాక్యం “బతికి ఉండాలి”, రెండోది “అప్పగించిన పని చేయాలి”, డ్యామేజ్ మూడోది.

నాలుగోదిగా సన్నద్ధత అని రాశాం, కానీ అందులో చెప్పవలసింది కొంచెమే: ఆటలో పాత్రకు బలమిచ్చే ఫ్లాస్క్, భోజనం, పోషన్లు రాత్రంతటికీ సరిపడా తెచ్చుకోవాలి, ఆయుధాలకు ఎన్‌చాంట్లు (బలం పెంచే మంత్రాలు), నగలకు రత్నాలు ఉండాలి, రిపేర్ చేయించుకుని రావాలి, బాస్ వీడియో ఒకసారైనా చూసి ఉండాలి. ఇవి నేర్పుతో పనిలేనివి, ఎవరైనా చేయగలిగినవి కాబట్టి వీటిలో సడలింపు ఇవ్వకండి.

లాగ్‌లు (పోరాటంలో ఎవరు ఏం చేశారో చూపే రికార్డులు) చదవడం నేర్చుకోవడం మాత్రం గిల్డ్ నడిపేవారికి తప్పనిసరి. వార్‌క్రాఫ్ట్ లాగ్స్ అనే వెబ్‌సైట్‌లో ఒక్కో ఆటగాడికి వందకు ఇంత అని, దానికి తగిన రంగుతో ఒక అంకె కనిపిస్తుంది. అదే బాస్ మీద అదే రకం పాత్ర ఆడిన ఇతరులతో పోల్చి ఇచ్చిన అంకె అది. 25 లోపు బూడిద రంగు, 50 లోపు ఆకుపచ్చ, 75 లోపు నీలం, 95 లోపు ఊదా. గిల్డ్‌లో గొడవలన్నీ ఈ రంగుల దగ్గరే మొదలవుతాయి. అడ్డుకోవలసిన మంత్రాన్ని ప్రతిసారీ అడ్డుకున్నవాడికి, గోళాలను మోసుకుంటూ గది చుట్టూ తిరిగినవాడికి బూడిద రంగు రావచ్చు. ఏ పనీ చేయకుండా బాస్‌ను కొడుతూ నిలబడ్డవాడికి ఊదా రావచ్చు. మిగతావారు మంటల్లో నిలబడకపోతే హీలర్ అంకె తగ్గుతుంది, అది శుభవార్త. కాబట్టి ముందు మరణాల పుట తెరవండి, తరువాత అడ్డుకున్న మంత్రాల పుట, చివరగా డ్యామేజ్.

మా గిల్డ్‌లో ఒక మేజ్ (మంత్రగాడి పాత్ర ఆడేవాడు) ఉన్నాడు, డ్యామేజ్‌లో ఎప్పుడూ పై వరసలోనే ఉండేవాడు. ఒక రాత్రి పద్నాలుగు సార్లు వైప్ అయ్యాం, అంటే అన్నిసార్లు జట్టంతా చనిపోయింది. మర్నాడు మరణాల పుట చూస్తే పద్నాలుగింటిలో పదకొండు సార్లు మొదట చనిపోయింది అతనే, ప్రతిసారీ ఒకే మంటలో. అతన్ని విడిగా పిలిచి అడిగాను.

“అన్నా, ఆ మంట వచ్చే ముందు బాస్ మాడ్ అలారం మోగుతుంది కదా, నీకు వినబడటం లేదా?”

“కంప్యూటర్ సౌండ్ కట్టేశాను తమ్ముడూ. పాప పక్క మంచం మీదే పడుకుంటుంది. మీ మాటలు ఫోన్‌లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్నాను.”

డిస్కార్డ్‌ను కంప్యూటర్‌లోకి మార్చి, ఒకే హెడ్‌ఫోన్‌లో రెండూ వినబడేలా చేసుకున్నాడు. హెచ్చరిక అక్షరాలను స్క్రీన్ మధ్యలో పెద్దవి చేసుకున్నాడు. తరువాతి రెయిడ్‌లో పన్నెండు ప్రయత్నాలలో మొదట చనిపోయింది రెండుసార్లే. ఆ పద్నాలుగు వైప్‌ల రాత్రి వాయిస్‌లో అందరి ముందు నేను విసుక్కుని ఉంటే అతను పాప సంగతి చెప్పేవాడు కాదు, గిల్డ్ వదిలి వెళ్లేవాడు.

అందువల్ల ఆటతీరు గురించిన మాట ఎప్పుడూ విడిగా, మర్నాడు, లాగ్ ముందు పెట్టుకుని చెప్పాలి. రెయిడ్ నడుస్తుండగా “కుడివైపు వెళ్లండి” వంటి ఆదేశాలే ఉండాలి. వయసులో పెద్దవారి విషయంలో మరింత శ్రద్ధ కావాలి. మా హీలర్లలో ఒకరిని అందరం మాస్టారు అంటాం, ఆయన్ను పాతికేళ్ల కుర్రాడు సరిదిద్దవలసి వచ్చినప్పుడు “మాస్టారూ, మూడో నిమిషంలో ఏం జరిగిందో మీరే ఒకసారి చూసి చెప్పండి” అని అడగమంటాను. ఆయన చూస్తారు, తన పొరపాటు తానే చెబుతారు. అలాగని పెద్దరికం చూసి నియమాన్ని వదిలేయకూడదు, అలా వదిలేస్తే మిగిలిన కుర్రాళ్లు గమనిస్తారు.

చెప్పిన తరువాత గడువు ఇవ్వండి. ఒకే పొరపాటు నాలుగు రెయిడ్‌ల దాకా మారకపోతే ఆ బాస్ వరకు బెంచ్, హీరోయిక్‌లో సాధన, మళ్లీ అవకాశం. కొత్తవారికి నాలుగు రెయిడ్‌ల పరీక్షాకాలం పెట్టి, ముగిసిన మర్నాడే అవుననో కాదనో చెప్పేయండి. నెలల తరబడి వేలాడదీయడం తప్పు.

లూట్‌ను (బాస్‌ను ఓడిస్తే దొరికే సామాను) హాజరుతో ముడిపెట్టాలా అన్నది పాత చర్చ. ఎవర్‌క్వెస్ట్ అనే పాత ఆట రోజుల్లో పుట్టిన డ్రాగన్ కిల్ పాయింట్ల పద్ధతిలో వచ్చిన ప్రతి రాత్రికీ పాయింట్లు పడతాయి, వాటితో సామాను కొనుక్కుంటారు. అది న్యాయంగానే ఉంటుంది గానీ పాతవారి దగ్గర పాయింట్లు గుట్టలుగా పడి కొత్తవారికి ఏమీ దక్కదు. మేము ముగ్గురి కమిటీతో పంచుతాం, ఆరు వారాల హాజరు పట్టికను పక్కనే పెట్టుకుంటాం, ఎవరికి ఎందుకు ఇచ్చామో ఒక్క వాక్యం రాస్తాం. కమిటీలోవారికే సామాను వచ్చినప్పుడు ఆ వాక్యాన్ని మిగతా ఇద్దరు రాస్తారు.

హాజరు పట్టిక అందరికీ కనిపించే చోట ఉండాలి, రెయిడ్ నడిపేవారి పేరు కూడా అందులో ఉండాలి. నేను రాలేని రాత్రి సాయంత్రం ఆరులోపు చెబుతాను, ఆ రాత్రి పిలుపులు ఇచ్చేది ఎవరో కూడా ఆ కబురులోనే రాస్తాను, నా పేరు ఎదుట సెలవు అని ఆ రాత్రి నడిపినవారే వేస్తారు.