గాలం ముళ్ళ జెముడును పోల్చుకోవడం ఎలా?

మాది అనంతపురం వైపు. జెముడంటే చేనుగట్టు మీది నాగజెముడే నాకు తెలుసు. అరిజోనాలో మా అమ్మాయి వాళ్ళుండే టూసాన్ వచ్చాక, అల్లుడు వద్దంటున్నా వినకుండా పంచెకట్టుతోనే పొద్దుటి నడకకు బయల్దేరాను. దారిలో పంచె అంచు దేనికో తగులుకుంది. లాగినకొద్దీ బిగుస్తోంది. వంగి చూద్దును కదా, కోడిగుడ్డంత మొక్క! ముళ్ళ కొసలు అచ్చం చేపల గాలంలా వంగున్నాయి. ఇక్కడ దీన్ని ఫిష్‌హుక్ కాక్టస్ అంటారు. శాస్త్రనామం మామిల్లేరియా గ్రహామీ.

ముందు తల దించి నడవండి. నిలువెత్తు సవారో జెముళ్ళను చూస్తూ పోతే జానెడైనా లేని ఇది కంటపడదు. గులకరాళ్ళ వాలుల్లో, పాలోవర్డే చెట్ల కింద, క్రియోసోట్ పొదల మొదట్లో వెతకండి. 40 డిగ్రీలు దాటే ఎండల్లో మొలకకు ఆ నీడే దిక్కు.

దొరికాక ఒళ్ళు చూడండి. అంతా బొడిపెలే. ఒక్కో బొడిపె కొసన 20, 30 సన్నటి తెల్లముళ్ళు చుక్కముగ్గులా పరుచుకుని, నడుమ నుంచి ఒకటో రెండో నల్లటి గాలాలు లేస్తాయి. బ్యారెల్ కాక్టస్‌కీ వంకర ముళ్ళుంటాయి గానీ, కాస్త ఎదిగాక దాని ఒంటి మీద నిలువుగా గట్లు తేలతాయి. హెడ్జ్‌హాగ్ అనే మరో జెముడు ముళ్ళు తిన్ననివి, అది వసంతంలోనే పూస్తుంది.

మనది పూసేది వానలకు. ఇక్కడా జూలై వానల్ని మాన్‌సూన్ అనే అంటారు, ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మంచి వాన పడ్డ అయిదారు రోజులకు, కొప్పు చుట్టూ దండ చుట్టినట్టు, నడినెత్తి వదిలేసి వలయంగా గులాబీరంగు పూలు విచ్చుకుంటాయి. నెత్తిన ఉండేవి లేత బొడిపెలు; పాత బొడిపెల సందుల్లోంచే పువ్వు వస్తుంది. పువ్వు రూపాయి బిళ్ళంత. దాని నడుమ కీలాగ్రం, అంటే పుప్పొడి అంటుకునే కొస, ఆకుపచ్చగా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. తర్వాత చిట్టి పండుమిరపల్లాంటి కాయలు కాస్తాయి.

పెరికి కుండీలో పెట్టుకుందామనుకునేరు, ఇక్కడి చట్టం ఒప్పుకోదు. గుడ్డకు తగులుకుంటే లాగకండి. మొక్క వైపే కాస్త తోసి, వంకర వదిలాక పైకెత్తండి. ఆ సంగతి తెలిసేసరికి నా పంచెకు మూడు చిరుగులు.

శుక్రవారం రాత్రి వాన దంచికొట్టింది. బుధవారం పొద్దున్నే ప్యాంటు వేసుకుని వెళ్తాను.