రోజంతా ఉరుకులాట తగ్గాలంటే: పని పక్కన టైం ఎలా రాయాలి?

ఒక నోట్‌బుక్కు, ఒక పెన్ను చాలు. ఫోన్‌లో రాసుకుంటమంటే వద్దు. రాయడానికి తెరిచినోళ్లు వాట్సాప్‌లో తేలుతరు. రాత్రి అన్నం తిన్నాక రేపటి పనులు రాయండి. పొద్దుగాల అసలే వద్దు, నల్లా వస్తది, పాలాయన వస్తడు, పిల్లల టిఫిన్ డబ్బాలు కట్టాలి. ఆరు పనులు దాటొద్దు. ఏడోది రాయాలంటే పైన ఒకటి కొట్టెయ్యాల్సిందే. ఇక్కడిదాకా ఎవరికైనా వస్తది.

చిక్కంతా పని పక్కన టైం రాసే కాడ. నల్గొండ నుంచి హైదరాబాద్ పోవాలె, వంద కిలోమీటర్లు, ‘రెండు గంటలు’ అని రాస్తరు. బస్టాండుకు ఆటో కోసం చూసింది, సీటు దొరక్క ఒక బస్సు వదిలింది, ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కింది, ఏదీ లెక్కలో ఉండదు. పదింటికి వస్తానన్న మనిషి పదకొండున్నరకు చెమటలు కక్కుకుంట దిగుతడు. ఇగ ఆ రోజు పనులన్నీ ఒకదాని మీద ఒకటి పడతయి.

ఈ గుణం అందరిదీ. డేనియల్ కానమన్, ఏమస్ ట్వెర్స్కీ అనే సైకాలజిస్టులు 1979లో దీనికి ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టిన్రు. పోయినసారి లేటైందని తెలిసి కూడా ఈసారి తొందరగ అయిపోతదనుకుంటం. మందు కూడా వాళ్లే చెప్పిన్రు: ఎంతసేపు పడతదో ఊహించొద్దు, ఇసొంటి పనికి ఇదివరకు ఎంత పట్టిందో చూడాలె.

కాబట్టి గడప దాటిన కాడి నుంచి మళ్ల గడప తొక్కేదాకా లెక్కపెట్టండి. మీసేవలో దరఖాస్తు పది నిమిషాల పనే. ముందున్న లైను, ఆధార్ జిరాక్స్ మరిచి ఎనకకు రావుడు, సర్వర్ డౌన్ అవుడు, అదంతా ఆ పనిలోదే. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయేటోళ్లు ఆ పూటకు ఇంకేం పెట్టుకోవద్దు. పోయినసారిది యాదికి రాకపోతే అనుకున్నదానికి సగం కలపండి. గంట అనుకుంటే గంటన్నర.

ఇగ చాలామంది చెడగొట్టేది ఇక్కడే. ఆ కలిపిన అరగంట చూసి ‘ఎట్లాగూ అటే పోతున్నం గదా, గడియారం సెంటర్ల చీర ఫాల్‌కు ఇచ్చొద్దాం’ అంటరు. టైలర్ మ్యాచింగ్ దారం లేదంటడు, దారం కోసం ఇంకో దుకాణం, అరగంట హుష్‌కాకి. ఆ అరగంటలో ఏం దూర్చొద్దు. మిగిలితే చాయ్ తాగండి.

25 నిమిషాలు ఒకే పని చేసి, గంట కొట్టంగనే కాసేపు ఆగే పొమొడోరో పద్ధతి మంచిదని కొందరు మీదికొస్తరు. ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన దీన్ని 1980ల చివర్ల చదువుకునేటప్పుడు టమాటా బొమ్మ టైమర్‌తో షురూ చేసిండు. గది తలుపేసుకొని చదివేటోళ్లకు సరే. నాలుగు నిమిషాలకోసారి ఎవరో పిలిచే ఇంట్ల నడవదు.

రాత్రి పండేముందు ప్రతి పని పక్కన నిజంగ పట్టిన టైం ఎర్ర పెన్నుతో రాయండి. మళ్ల అదే పని వచ్చిననాడు ఆ ఎర్ర అంకెనే ఎక్కించాలె, ఎంత ఎక్కువ అనిపించినా సరే. చుట్టాలు దిగిన్రా, ఆ పేజీ వదిలేసి రాత్రికి కొత్తది రాసుకోండి. మిగిలిపోయిన ఆరింటినీ మొత్తంగ రేపటికి ఎక్కించొద్దు.